పుడమి ఇచ్చే చేబదులు

భూమికి మన భాషలో ఎన్నో పేర్లున్నాయి. సర్వాన్నీ ధరించేది కనుక ధరణి. ఓర్పు గలది కనుక క్షమ. వసువును, అంటే ధనాన్ని, తనలో దాచుకొన్నది కనుక వసుంధర. ఆ ధనం బంగారమనీ, వజ్రాలనీ, బొగ్గనీ, ఇనుప ఖనిజమనీ లోకం భావిస్తుంది. అవన్నీ త్రవ్వి తీసేకొద్దీ తరిగిపోయే ధనాలు. వాటితోపాటు వసుంధర మరొక ధనాన్ని కూడా దాచి ఉంచింది. అది కంటికి కనిపించదు, తూకానికి అందదు. చేతి స్పర్శకు మాత్రం తెలుస్తుంది. పుష్యమాసపు తెల్లవారుజామున బావిలో నుంచి చేదిన నీరు గోరువెచ్చగా తగులుతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం చేదిన ఆ బావి నీరే చల్లగా ఉండి, ప్రాణం లేచి వచ్చినట్లనిపిస్తుంది. నిజానికి బావి నీటిలో వచ్చిన మార్పు స్వల్పం. మారినది పైనున్న గాలి. ఆ గాలికి అలవాటుపడిన మన చర్మం. పల్లెల్లో తరతరాలుగా అందరూ ఎరిగిన ఈ చిన్న సత్యమే నేడు శీతల దేశాలలో లక్షలాది గృహాలను చలికాలంలో వెచ్చగానూ, వేసవిలో చల్లగానూ ఉంచుతున్నది.

నేల లోపలి ఈ స్థిరత్వానికి కారణం సులభంగానే బోధపడుతుంది. మట్టి, రాయి వేడిని త్వరగా సాగనివ్వవు. పగటి ఎండకు వేడెక్కి రాత్రికి చల్లారే దినసరి మార్పు ఒక మీటరు లోతుకు చేరకముందే అణగిపోతుంది. ఋతువుల మార్పు మరికొంత లోతుకు దిగుతుంది గాని, సుమారు 10 నుంచి 15 మీటర్ల లోతుకు చేరేసరికి అది కూడా దాదాపుగా నశిస్తుంది. అక్కడి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉంటుంది. ఆ ప్రదేశంలో పైన వీచే గాలికి సంవత్సరం మొత్తం మీద ఉండే సగటు ఉష్ణోగ్రత ఎంతో, నేల లోపలి ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు అంతే. పారిస్ నగరంలోని ఖగోళ పరిశోధనాలయం క్రింద సుమారు 28 మీటర్ల లోతున నేలమాళిగలు ఉన్నాయి. 18వ శతాబ్దంలో ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ అక్కడ ఒక ఉష్ణమాపకాన్ని అమర్చాడు. పైన మంచు కురిసినా, ఎండ కాసినా అది 12 డిగ్రీల చేరువలోనే నిలిచి ఉండడం నాటి శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరిచింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. భూగర్భోష్ణం అనగానే అగ్నిపర్వతాలు, ఉష్ణకుండాలు స్ఫురించడం సహజం. ఐస్‌లాండ్ దేశంలో పదింట తొమ్మిది ఇళ్ళను వెచ్చబరుస్తున్నది అటువంటి ఉడుకునీటి ఊటలే. మన గోదావరీ పరీవాహక ప్రాంతంలోనూ భూమిలో నుంచి వేడినీరు ఉబికివచ్చే చోట్లు ఉన్నాయి. తెలంగాణలోని మణుగూరు ప్రాంతంలో సింగరేణి సంస్థ ఆ వేడినీటి ఆధారంతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. కాని, అటువంటి అదృష్టం ఏ కొద్ది ప్రదేశాలకో దక్కుతుంది. ఇప్పుడు చెప్పుకొంటున్న వేడి అది కాదు. నేల పైపొరల్లో నిలువ ఉండే ఈ వేడిలో అధికభాగం సూర్యుడు ప్రసాదించినదే. ఎండ పడే ప్రతి చోటా, పేదవాని పెరటిలోనూ, ధనికుని తోటలోనూ ఇది సమానంగా ఉంటుంది.

ఉండడం వేరు, ఉపయోగపడడం వేరు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ పరిసరాల్లో భూమి లోపలి శిల 7, 8 డిగ్రీల వద్ద ఉంటుంది. పైన గాలి శూన్యానికి దిగువన 15 డిగ్రీలకు పడిపోయిన రోజున ఆ రాయి వెచ్చనిదే. కాని, గదిలో మనిషి సుఖంగా కూర్చోవడానికి 20 డిగ్రీలు కావాలి. ఏడు డిగ్రీల రాయి ఇరవై డిగ్రీల గదిని వెచ్చబరచడం ఎలా? నీరు పల్లానికి ప్రవహించినట్లే వేడి కూడా ఎక్కువ నుంచి తక్కువకే పోతుంది. దానిని ఎదురు నడిపించాలంటే శ్రమ చేయాలి. నూతిలోని నీరు తనంతట తాను మడికి ఎక్కదు. పూర్వం రైతు మోట కట్టి, ఎద్దుల చేత తోలించి ఆ నీటిని పైకి తెచ్చుకొనేవాడు. ఎద్దులు నీటిని సృష్టించలేదు. ఉన్న నీటిని పైకి చేర్చాయి. వేడిని కూడా ఈ విధంగా తోడి పైకి చేర్చే సాధనమే హీట్ పంప్. దీనిలో ఎద్దుల పని విద్యుత్తు చేస్తుంది.

ఇటువంటి యంత్రంతో భవనాలను వెచ్చబరచవచ్చునని 1852లోనే విలియం థామ్సన్ సూచించాడు. తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త ఇతడే. భూమినే ఆ వేడికి ఆధారంగా చేసుకోవచ్చునన్న ఆలోచనకు 1912లో స్విట్జర్లాండ్ దేశస్థుడు హైన్‌రిష్ జోలీ పేటెంట్ పొందాడు. 1940ల్లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో రాబర్ట్ వెబ్బర్ తన ఇంటి ఆవరణలో రాగి గొట్టాలు పాతి ఆ ఆలోచనను ఆచరణలో పెట్టాడు. 1948లో పోర్ట్‌లాండ్ నగరంలో వెలసిన ఒక పెద్ద కార్యాలయ భవనం భూగర్భజలం ఆధారంగా ఈ పద్ధతినే అవలంబించింది. అయినప్పటికీ చమురు చౌకగా లభించినంత కాలం లోకం ఈ మార్గాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1973లో చమురు సంక్షోభం ఏర్పడి ధరలు కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయ్యాయి. ఇంటింటా చమురు కాల్చి చలి కాచుకొంటున్న స్వీడన్ ప్రజలకు అప్పుడు కాలి క్రింది నేల గుర్తుకు వచ్చింది.

హీట్ పంప్ పనితీరును గ్రహించడానికి రెండు నిత్యానుభవాలు చాలు. మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది? కుండ గోడల గుండా బయటికి చెమర్చిన నీరు ఆవిరి అవుతూ, అందుకు కావలసిన వేడిని కుండ నుంచే తీసుకొంటుంది. అంటే, ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు వేడిని గ్రహిస్తుంది. ఇది మొదటి అనుభవం. సైకిల్ చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం ఎందుకు వేడెక్కుతుంది? లోపలి గాలి నొక్కుకుపోవడమే కారణం. అంటే, వాయువును ఒత్తితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఇది రెండవ అనుభవం. ఈ రెండింటినీ జోడించినదే హీట్ పంప్. మన ఇళ్ళలోని ఫ్రిజ్ కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. లోపలి పదార్థాల నుంచి తీసిన వేడిని అది వెనుకవైపు విడిచిపెడుతుంది.

స్వీడన్‌లోని ఒక సాధారణ గృహాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఇంటి ఆవరణలో 100 నుంచి 200 మీటర్ల లోతు వరకు ఒక బోరు వేస్తారు. అది నీటి కోసం వేసే బోరు కాదు. దానిలోనికి గట్టి పాలిథిన్ గొట్టాన్ని యు ఆకారంలో దించుతారు. ఒక కాలు గుండా దిగిన ద్రవం అడుగున మలుపు తిరిగి రెండవ కాలు గుండా పైకి వస్తుంది. చలికి గడ్డకట్టకుండా ఆ నీటిలో కొంత ఆల్కహాల్ కలుపుతారు. స్వీడన్ శిలల్లో గొట్టం చుట్టూ భూగర్భజలమే నిండి ఉంటుంది. ఇతర దేశాలలో ఆ ఖాళీని బెంటొనైట్ అనే బంకమట్టి మిశ్రమంతో పూడుస్తారు. చోటు విశాలంగా ఉన్నవారు బోరుకు బదులు, ఒకటి రెండు మీటర్ల లోతున కందకాలు త్రవ్వి, గొట్టాలను అడ్డంగా పరుస్తారు. గొట్టంలోని ద్రవం నిరంతరం తిరుగుతూ ఉంటుంది గాని, మట్టితో గాని, భూగర్భజలంతో గాని కలవదు. అందుచేత దీనిని మూసిన వలయం అంటారు.

అలా రాతి వేడిని గ్రహించి నాలుగైదు డిగ్రీల వద్ద పైకి వచ్చిన ద్రవం హీట్ పంప్‌లో ప్రవేశిస్తుంది. అక్కడ మరొక గొట్టంలో, శూన్యానికి దిగువనే మరిగే గుణం గల శీతలీకరణ పదార్థం ఉంటుంది. దానికి నాలుగు డిగ్రీలే పొయ్యి సెగవంటివి. ఆ వేడిని గ్రహించి అది ఆవిరి అవుతుంది. వేడిని ఇచ్చివేసిన ద్రవం కొద్ది డిగ్రీలు చల్లబడి మరల భూమిలోనికి పోతుంది. ఆవిరిని కంప్రెసర్ గట్టిగా ఒత్తుతుంది. సైకిల్ పంపులో గాలి వలెనే అది వేడెక్కుతుంది. ఆ వేడి ఇంటి నేలలో గాని, గోడల వద్ద గాని అమర్చిన గొట్టాల నీటికి అందుతుంది. వేడిని కోల్పోయిన ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. సన్నని కవాటం గుండా వెళ్ళినప్పుడు ఒత్తిడి తగ్గి, మునుపటివలె చల్లబడి, మరొక ఆవృత్తికి సిద్ధమవుతుంది. ఈ క్రమంలో ఎక్కడా నిప్పు లేదు, పొగ లేదు. ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చు చేస్తే ఇంటికి మూడు, నాలుగు యూనిట్ల వేడి అందుతుంది. మిగిలిన రెండు మూడు యూనిట్లు నేల ఇచ్చినవే. మామూలు విద్యుత్ హీటరు ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడిని మాత్రమే ఇస్తుంది.

మోట తోలే రైతుకు నూతిలో నీరు ఎంత పైన ఉంటే ఎద్దులకు అంత శ్రమ తగ్గుతుందని తెలుసు. ఇక్కడా అంతే. మంచు కురిసే గాలి నుంచి వేడిని తోడడం కంటె, గాలి కన్న వెచ్చనైన రాతి నుంచి తోడడం సులువు. బయట చలి ముదిరిన రోజున, అంటే వేడి అత్యవసరమైన రోజున, గాలి ఆధారంగా పనిచేసే యంత్రం అలసిపోతుంది. భూమి ఆధారంగా పనిచేసేది నిలకడగా సాగుతుంది. అయితే బోరు వేయించడానికి ఆరంభంలో పెద్ద మొత్తం వెచ్చించాలి. ఆ తరువాత యంత్రం సుమారు 20 ఏళ్ళు, భూమిలోని గొట్టాలు 50 ఏళ్ళకు పైగా పనిచేస్తాయని నిపుణుల అంచనా.

వేసవి వచ్చినప్పుడు ఈ గతి మారుతుంది. స్వీడన్ వంటి చోట చాలావరకు కంప్రెసర్‌ను నడపవలసిన పని కూడా ఉండదు. భూమిలో చల్లబడిన ద్రవాన్ని ఇంటి గొట్టాలలో త్రిప్పితే చాలు, గదులలోని వేడి నేలలోనికి దిగిపోతుంది. ఎండ తీవ్రంగా ఉండే చోట ఒక కవాటాన్ని మార్చి యంత్రాన్ని వ్యతిరేక దిశలో నడుపుతారు. అప్పుడది ఇంటి వేడిని తోడి భూమికి అప్పగిస్తుంది. చలికాలంలో పుచ్చుకొన్నది వేసవిలో తిరిగి ఇచ్చినట్లవుతుంది. ఊళ్ళలో ఇరుగుపొరుగువారు అవసరానికి ఇచ్చిపుచ్చుకొనే సొమ్మును చేబదులు అంటారు. దానికి పత్రం ఉండదు, వడ్డీ ఉండదు. తిరిగి ఇవ్వవలసిన ధర్మం మాత్రం ఉంటుంది. భూమి మానవునికి ఇచ్చే వేడి కూడా అటువంటి చేబదులే.

ఆ ధర్మం తప్పితే ఏమవుతుంది? ఒకే బోరు నుంచి ఏటేటా తీసుకొంటూ పోతే దాని చుట్టూ ఉన్న రాయి క్రమంగా చల్లబడుతుంది. వేసవిలో చుట్టుపట్ల నుంచి కొంత వేడి చేరి లోటు తీరుతుంది గాని, బోర్లు దగ్గర దగ్గరగా ఉంటే ఒకదాని భాగం మరొకటి లాగుకొంటుంది. అందువల్లనే స్వీడన్‌లో పొరుగువారి బోర్ల మధ్య కనీసం 20 మీటర్ల ఎడం ఉండాలని సూచిస్తారు. ఇచ్చిపుచ్చుకోవడాన్ని పెద్దయెత్తున పాటించిన ఉదాహరణ కూడా అక్కడే కనిపిస్తుంది. స్టాక్‌హోమ్ సమీపంలోని అర్లాండా విమానాశ్రయం 2009 నుంచి భూగర్భజలాన్ని ఒక గిడ్డంగివలె వాడుకొంటున్నది. చలికాలపు చల్లదనాన్ని అందులో దాచి వేసవిలో భవనాలకు, వేసవి వెచ్చదనాన్ని దాచి చలికాలంలో తన అవసరాలకు వినియోగిస్తున్నది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 2024లో ఒక వాడలోని ఇళ్ళను, ఇతర భవనాలను కలిపి ఉమ్మడి వలయాన్ని ప్రారంభించారు. ఒక కట్టడం వదిలిన వేడి మరొక కట్టడానికి అక్కరకు రావడం ఇటువంటి ఏర్పాటులోని విశేషం.

కొలత తెలియకుండా తీసుకోవడం ఒక దోషం. నేల స్వభావం తెలియకుండా త్రవ్వడం అంతకు మించిన దోషం. జర్మనీ నైరుతి భాగంలో స్టౌఫెన్ అనే ప్రాచీన పట్టణం ఉన్నది. 2007లో అక్కడి పురపాలక భవనాన్ని వెచ్చబరచడానికి 140 మీటర్ల లోతు వరకు 7 బోర్లు వేశారు. ఆశయం మంచిదే. కాని, ఆ నేల అడుగున అన్‌హైడ్రైట్ అనే ఖనిజపు పొర ఉన్నది. బోర్ల గుండా భూగర్భజలం ఆ పొరను చేరింది. నీరు తగిలిన అన్‌హైడ్రైట్ జిప్సంగా మారి ఉబ్బుతుంది. అనతికాలంలోనే నేల పైకి లేవసాగింది. గోడలు బీటలు వారాయి. శతాబ్దాల తరబడి నిలిచిన కట్టడాలతో సహా రెండు వందలకు పైగా భవనాలు దెబ్బతిన్నాయి. తరువాత బోర్లను పూడ్చి, లోపలి నీటిని నిరంతరం తోడి, ఆ ఉబ్బును నెమ్మదింపజేయవలసి వచ్చింది. భూమికి క్షమ అని పేరున్న మాట నిజమే గాని, ఆ ఓర్పుకూ ఒక హద్దు ఉన్నదని స్టౌఫెన్ పట్టణం నిరూపిస్తున్నది.

ఈ పద్ధతి తెలుగునాటికి ఎంతవరకు సరిపోతుంది? ఇక్కడ ఇళ్ళను వెచ్చబరచవలసిన అవసరం స్వల్పం. చల్లబరచవలసిన అవసరం అపారం. 2024 మే 30న మన దేశంలో విద్యుత్ డిమాండ్ 2,50,000 మెగావాట్లకు చేరింది. ఎండలు ముదిరినప్పుడు తిరిగే ఫ్యాన్లు, కూలర్లు, ఏసీ యంత్రాలు అందుకు ప్రధాన కారణాలలో ఒకటి. ఆ విద్యుత్తులో అధికభాగం నేటికీ బొగ్గు నుంచే వస్తున్నది. పైగా ఏసీ యంత్రం ఒక గదిని చల్లబరచి, ఆ వేడిని వీధిలోనికి వదులుతుంది. ఒకరి సుఖం దారిన పోయేవారికి వడగాలి అవుతున్నది. బయట 42 డిగ్రీలున్నప్పుడు అంతటి వేడిగాలిలోనికి మరింత వేడిని నెట్టడం ఆ యంత్రానికి కఠినమైన పని. హైదరాబాదు వంటి చోట నేల లోపల 27, 28 డిగ్రీలు మాత్రమే ఉంటుంది. కనుక ఆ వేడిని గాలికి బదులు భూమికి అప్పగిస్తే విద్యుత్తు ఆదా అవుతుంది, వీధీ వేడెక్కదు. బోరులో నీరు పడకపోతే రైతుకు నష్టమే గాని, మూసిన వలయానికి నీరు పడవలసిన పని లేదు. ఖాళీని సరిగా పూడ్చగలిగితే గ్రానైటు రాయి కూడా వేడిని చక్కగానే గ్రహిస్తుంది.

అయితే ఇక్కడి చిక్కు స్వీడన్ చిక్కుకు సరిగ్గా వ్యతిరేకమైనది. అక్కడ భూమి నుంచి తీసుకోవడం ఎక్కువ. ఇక్కడ భూమికి అప్పగించడం ఎక్కువ. ఏడాదిలో అధికభాగం వేడిని నేలలోనికి పంపుతూ, దానిని తిరిగి తీసుకొనే దీర్ఘమైన చలికాలం లేకపోతే బోరు చుట్టూ ఉన్న రాయి ఏటికేడు వేడెక్కుతుంది. కొన్నాళ్ళకు చల్లని నేల చల్లనిదిగా మిగలదు. కనుక తెలుగునాట ఈ పద్ధతిని వాడదలచినవారు వేడికి మరొక ప్రయోజనం కల్పించాలి. ఆసుపత్రులు, వసతిగృహాలు, హోటళ్ళ వంటి చోట్ల స్నానానికి, వంటకు వేడినీరు నిత్యం కావాలి. గదుల నుంచి తోడిన వేడిని ముందుగా ఆ నీటికి ఇచ్చి, మిగిలినదానినే నేలకు పంపితే భూమి మీద భారం తగ్గుతుంది. చల్లని రాత్రులలో కొంత వేడిని ఆకాశానికి విడిచిపెట్టే ఏర్పాటు చేయడం మరొక మార్గం. యంత్రం అవసరం లేని సరళమైన పద్ధతి కూడా ఉన్నది. గురుగ్రామ్ సమీపంలోని గ్వాల్ పహాడీ వద్ద టెరి సంస్థ నిర్మించిన శిక్షణ భవనంలో, సుమారు 4 మీటర్ల లోతున పాతిన సొరంగాల గుండా గాలిని నడిపి గదులకు పంపుతారు. నేల ఆ గాలిని వేసవిలో చల్లబరుస్తుంది, శీతకాలంలో వెచ్చబరుస్తుంది. అంతకన్న ముందు, నీడనిచ్చే చెట్టు, ఎండను ఆపే వసారా, దళసరి గోడ, వేడిని తిప్పికొట్టే పైకప్పు ఉన్న ఇంటికి తోడవలసిన వేడే తక్కువగా ఉంటుంది. ధాన్యాన్ని పాతరలో దాచుకొన్న మన పూర్వులు నేల చలువ విలువను ఎరిగినవారే.

బొగ్గును, చమురును మానవుడు భూమి నుంచి తీసుకొన్నాడు. వాటిని తిరిగి ఇవ్వడం అతని చేతిలో లేదు. ఇచ్చినది పొగ మాత్రమే. నేలలోని వేడి విషయంలో అతనికి మరొక అవకాశం లభించింది. ఇక్కడ తీసుకొన్నదానిని తిరిగి ఇవ్వవచ్చు, ఇచ్చినదానిని మరల పుచ్చుకోవచ్చు. అందుకు మూడు నియమాలు పాటించాలి. త్రవ్వకముందు నేల స్వభావాన్ని తెలుసుకోవాలి. అవసరానికి మించి ఆశించరాదు. ఋతువు మారినప్పుడు బాకీ తీర్చాలి. ఇరుగుపొరుగుల మధ్య చేబదులు నిలిచేది నమ్మకం మీద. ఒకసారి తిరిగి ఇచ్చినవానికి మరొకసారి అడిగే ముఖం ఉంటుంది. రేపటి ఇళ్ళను నిర్మించబోయే యువతరం ఈ ధర్మాన్ని గుర్తుంచుకొంటే, వసుంధర తన ఒడిలోని వెచ్చదనాన్నీ చల్లదనాన్నీ తరతరాలకు పంచుతూనే ఉంటుంది.